అసంబద్ధం అనే తీర్పు: స్కిజోఫ్రీనియాలో పదసంసర్గం, శ్రోత ఆకాంక్ష

భరతుడు నాట్యశాస్త్రంలో లెక్కించిన 33 వ్యభిచారిభావాలలో ఉన్మాదం ఒకటి. నిష్కారణంగా నవ్వడం, ఏడవడం వంటి వాటితో పాటు అసంబద్ధ ప్రలాపాన్ని కూడా ఆయన దానికి అనుభావంగా చెప్పాడు. అయితే నాటకంలోని అసంబద్ధ ప్రలాపం ప్రేక్షకునికి నిజంగా అసంబద్ధంగా ఉండదు. విక్రమోర్వశీయం నాలుగో అంకంలో పురూరవుడు నెమలిని, కోకిలను, హంసను, ఏనుగును పలకరించి ఊర్వశి జాడ అడుగుతూ తిరుగుతాడు. ఆ సమయాన ఆ అడవి దారిన పోయే బాటసారి ఎవరైనా ఉంటే రాజుకు మతి చలించిందనుకొని పక్కకు తప్పుకొనేవాడు. సభలో కూర్చున్నవారు మాత్రం తప్పుకోరు. ఊర్వశి ఎలా కనబడకుండా పోయిందో వారికి తెలుసు. అవే మాటలు బాటసారికి ప్రలాపం, సామాజికునికి విప్రలంభం.

ఈ భేదం రంగస్థలానికే పరిమితమైతే అలంకారశాస్త్ర చర్చతో సరిపోయేది. స్కిజోఫ్రీనియా అనే వ్యాధికి లోనైనవారి విషయంలో ఇదే భేదం జీవన సమస్య అవుతుంది. ఈ వ్యాధి ఉన్నవారందరి మాటా చెదరదు. చెదిరినవారిలోనూ అది ఎల్లవేళలా చెదిరి ఉండదు. కాని ఒకసారి ‘సంబంధం లేకుండా మాట్లాడుతున్నాడు’ అన్న తీర్పు వెలువడిన తరువాత, ఆ మనిషి చెప్పే తక్కిన మాటలన్నింటికీ విలువ పడిపోతుంది. కడుపులో నొప్పి అన్నా, మందు పడడం లేదన్నా, ఆస్తిలో తన పాలు తనకు రాలేదన్నా ఆ మాటలు అదే ఖాతాలో జమ అవుతాయి. అసంబద్ధత అనే గుణం పలికిన మాటలో ఉన్నదా, పలికినవారి మనసులో ఉన్నదా, విన్నవారి ఎరుకలో ఉన్నదా అన్నది అందువల్ల అర్థవిచారానికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. అది వినేవారి ధర్మానికి సంబంధించిన ప్రశ్న కూడా.

వెయ్యిమంది మాట

స్విట్జర్లాండు మనోవైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 1908లో ‘స్కిజోఫ్రీనియా’ అనే పేరును ప్రతిపాదించి, 1911లో వెలువరించిన గ్రంథంలో దానిని విస్తరించాడు. గ్రీకు భాషలో చీలడం అనే అర్థమున్న ధాతువును మనసు అనే పదంతో కలిపిన సమాసమది. అంతకుముందు ఎమిల్ క్రెపెలిన్ ఈ వ్యాధిని ‘డిమెన్షియా ప్రీకాక్స్’ అన్నాడు. చిన్న వయసులోనే వచ్చే బుద్ధిక్షీణత అని దాని భావం. బ్లాయిలర్ దృష్టిలో మూలలక్షణం క్షీణత కాదు, సంసర్గాల సడలింపు. ఒక భావం నుంచి మరొక భావానికి మనసును నడిపించే కట్లు వదులయ్యాయన్నది ఆయన నిర్ణయం. జపాను మనోవైద్యులు 2002లో ‘మనసు చీలిన వ్యాధి’ అన్న పాత పేరును వదిలి, సమన్వయం లోపించిన స్థితి అనే అర్థమిచ్చే పేరును స్వీకరించారు. ఆ తరువాత దక్షిణ కొరియాలో వచ్చిన పేరు తీగవాద్యాన్ని శ్రుతి చేయడాన్ని స్ఫురింపజేస్తుంది. పేరు మారితే వ్యాధి మారదు. కాని వ్యాధిగ్రస్తుని మాటను ఏ చెవితో వినాలో పేరు కొంత నిర్ణయిస్తుంది. చీలినదాన్ని ఎవరూ వినరు, శ్రుతి తప్పినదాన్ని వింటారు.

బ్లాయిలర్ నడిపిన జ్యూరిక్ బుర్గ్‌హోల్స్‌లీ ఆసుపత్రిలోనే కార్ల్ యుంగ్, ఫ్రాంజ్ రిక్లిన్ పదసంసర్గ పరీక్షలు జరిపారు. పరీక్ష చూడడానికి ఆటలా ఉంటుంది. ఒక మాట పలికి, దానికి తట్టిన తొలి మాట చెప్పమంటారు. చెప్పిన మాటను, పట్టిన సమయాన్ని నమోదు చేస్తారు. దీనిని సంఖ్యాశాస్త్రంతో ముడిపెట్టినవారు అమెరికాకు చెందిన గ్రేస్ కెంట్, ఎ.జె. రోజనాఫ్. 1910లో ప్రచురించిన అధ్యయనంలో వారు 100 పదాల పట్టికను 1000 మంది ఆరోగ్యవంతులకు, వివిధ మానసిక వ్యాధులున్న 247 మందికి వినిపించారు. ఆరోగ్యవంతుల పట్టికలో ఇతరులెవరూ చెప్పని మాట వస్తే దానిని ‘వైయక్తిక ప్రతిస్పందన’ అన్నారు. ఆరోగ్యవంతులలో ఇటువంటివి నూటికి 6.8, వ్యాధిగ్రస్తులలో 26.8.

ఈ అంకెలను ఉదహరించేవారు సాధారణంగా ఇక్కడ ఆగుతారు. అదే పట్టికలో మరో అంకె ఉంది. వ్యాధిగ్రస్తులు చెప్పిన మాటలలో నూటికి 70.7 అందరూ చెప్పే మాటలే. ఆసుపత్రి గోడల లోపల నుంచి వచ్చిన ప్రతి పది జవాబులలో ఏడు గోడల బయటి జవాబుల వంటివే అన్నమాట. మరి ఆ మిగిలిన మాటలు సంబంధం లేనివా? ఆ పట్టిక ఆ సంగతి చెప్పలేదు. అది కొలిచింది ఎంతమందితో మాట కలిసిందన్న దాన్ని. సంబంధం ఉందో లేదో కాదు, సంబంధం ఎంత వాడుకలో ఉందో చెప్పగలదు, అంతే.

ఈ రెంటికీ ఉన్న దూరాన్ని తెలుగువారు తేలికగా గుర్తించగలరు. కెంట్, రోజనాఫ్‌ల పట్టికలో ‘ఉప్పు’ అనే పదం ఉంది. వేమన పద్యం నోటికి వచ్చినవారెవరైనా ‘ఉప్పు’ అనగానే ‘కప్పురం’ అంటే, తెలుగు పంతులు తల ఊపుతాడు. న్యూయార్కులోని పరీక్షకుడు దానిని వైయక్తిక ప్రతిస్పందనల గడిలో వేస్తాడు. ఆ మాట వెనుక ఉన్నది మతి చెదరడం కాదు, శతకం. అదే పట్టికలో బైబిలు, చీజు, కాటేజీ వంటి పదాలూ ఉన్నాయి. వాటికి రాయలసీమ పల్లెలో వచ్చే జవాబులు ఎన్ని ఆ వెయ్యిమంది జవాబులతో కలుస్తాయో ఊహించవచ్చు. ధ్వనిని బట్టి మాట చెప్పడాన్ని కూడా ఆనాటి పరిశోధకులు తక్కువ తరగతి సంసర్గంగా లెక్కించారు. ‘పుస్తకం గిస్తకం’, ‘పెళ్ళీ గిళ్ళీ’ అని మాట పక్కన దాని ప్రతిధ్వనిని నిలపడం వ్యాకరణంలో భాగమైన భాషలో, ప్రాసకు వందల ఏళ్లు పీట వేసిన సాహిత్యంలో, ఆ తరగతిని ఉన్నదున్నట్టు తీసుకోవడం కుదరదు.

ప్రకరణం జారిన చోట

స్మృతిని రెండుగా విభజించి చూసినవాడు ఎండెల్ టల్వింగ్. 1972లో ఆయన చేసిన ప్రతిపాదన ప్రకారం, నిమ్మకాయ పుల్లగా ఉంటుందని తెలియడం అర్థస్మృతి, ఫలానా పెళ్ళి విందులో నిమ్మకాయ పులిహోర తిన్నట్టు గుర్తుండడం సంఘటనస్మృతి. అర్థస్మృతి ఒక వలలాంటిదని, ఒక పదం కదిలితే దానికి దగ్గరి పదాలు కూడా కదులుతాయని కాలిన్స్, లాఫ్టస్ 1975లో వివరించారు. ‘రొట్టె’ చదివిన వెంటనే ‘వెన్న’ను గుర్తించడం త్వరగా జరుగుతుందని మేయర్, ష్వానవెల్ట్ 1971లోనే ప్రయోగంతో చూపారు.

స్కిజోఫ్రీనియాలో ఈ వల తెగిపోయిందా, లేక మరీ ఎక్కువగా కదులుతున్నదా అన్నది ఆ తరువాతి పరిశోధకులను వేధించిన ప్రశ్న. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరని అడిగితే వ్యాధిగ్రస్తులు తక్కువ చెప్పడం మొదటి ఊహకు బలమిస్తుంది. మాటలో తొట్రుపాటు ఎక్కువగా ఉన్నవారిలో ఒక పదం మరొక పదాన్ని మామూలుకంటే ఎక్కువగా కదిలిస్తున్నట్టు మాన్‌ష్రెక్, మాహర్ ప్రభృతుల ప్రయోగాలలో (1988) కనిపించింది. ‘నిమ్మ’ నుంచి ‘పులుపు’ మీదుగా ‘తీపి’కి పోయే పరోక్ష సంసర్గాలు కూడా వారిలో చురుకుగా ఉన్నాయని మన్‌ఫ్రెడ్ స్పిట్జర్ 1993లో వాదించాడు. తరువాతి ఫలితాలన్నీ ఒకే దారిన లేవు. వల పూర్తిగా చిరిగిందన్న వాదానికి మాత్రం గట్టి ఆధారం కుదరలేదు. పదాలు ఉన్నాయి, వాటి మధ్య దారులూ ఉన్నాయి. సందర్భానికి తగిన దారిని ఎంచుకొని మిగతావాటిని మూసి ఉంచడంలోనే చిక్కు ఉన్నట్టు తోస్తుంది.

ఈ అభిప్రాయానికి దగ్గరగా వచ్చిన ప్రయోగం చాప్‌మన్ దంపతులు, మిల్లర్ 1964లో చేసినది. రెండర్థాలున్న పదాన్ని వాక్యంలో పెట్టి, అక్కడ అప్రధానార్థమే పొసిగేటట్టు చేస్తే, స్కిజోఫ్రీనియా ఉన్నవారు ప్రధానార్థం వైపు మొగ్గు చూపారు. తెలుగులో దీనికి దీటైన ఉదాహరణ ‘పాలు’. ‘మామిడితోటలో అన్నదమ్ముల పాలు ఇంకా తేలలేదు’ అన్న వాక్యంలో పాలు అంటే వాటా. కాని ‘పాలు’ అనగానే ముందుగా మనసులోకి వచ్చేది గిన్నెలో పాలే. ఆ తొలి అర్థాన్ని నెట్టివేసి రెండోదానికి చోటివ్వడం ఒక పని. ఆ పని అందరి మనసూ నిత్యం చేస్తుంది, అప్పుడప్పుడు తప్పుతుంది కూడా. చాప్‌మన్‌లు గట్టిగా చెప్పిన విషయం ఇదే: ఆరోగ్యవంతులలోనూ ఆ మొగ్గు ఉంది, వ్యాధిలో అది పెచ్చు పెరిగింది. కొత్త తరహా తప్పేదీ పుట్టలేదు. 1974లో ఎలెయిన్ చైకా స్కిజోఫ్రీనియా భాషకు ప్రత్యేక లక్షణాలున్నాయని రాసినప్పుడు, మరుసటి ఏడాది విక్టోరియా ఫ్రామ్‌కిన్ ఇచ్చిన జవాబు సారమూ ఇదే. ఆ లక్షణాలు మామూలు మనుషుల నోటి జారుడులలోనూ దొరుకుతాయని ఆమె చూపింది.

భారతీయ శబ్దశాస్త్రం ఈ చోటును చాలా ముందే గుర్తించింది. ‘సైంధవం తెమ్మ’ని అంటే, భోజన సమయంలో ఉప్పు, ప్రయాణ సమయంలో గుర్రం. పదం ఒక్కటే, తేల్చేది ప్రకరణం. సంయోగం, విప్రయోగం, సాహచర్యం, విరోధం, ప్రకరణం మొదలుగా అనేకార్థ పదాల అర్థాన్ని నిర్ణయించే వాటిని భర్తృహరి వాక్యపదీయంలో జాబితాగా ఇచ్చాడు. ప్రయాణ సన్నాహంలో ఉప్పు తెచ్చినవానికి ఉప్పు అంటే ఏమిటో తెలుసు, గుర్రమంటే ఏమిటో తెలుసు. తెలియనిది ప్రయాణమని. చాప్‌మన్‌ల ఫలితాన్ని తెలుగు విద్యార్థికి వివరించడానికి ఇంతకంటే చక్కని మాట దొరకదు.

ఇంకొక అడుగు ముందుకు వేయడానికీ ఈ శాస్త్రమే తోవ చూపుతుంది. పదాలు వాక్యం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని అంటారు. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని పేర్లు వరుసగా చెబితే అది వాక్యం కాదు, ఆకాంక్ష లేదు గనుక. నిప్పుతో తడుపుతున్నాడంటే యోగ్యత లేదు. ఒక పదం ఇప్పుడు, మరో పదం జాముకు చెబితే సన్నిధి లేదు. వీటిలో ఆకాంక్ష ఎవరిది? పదాలదేనన్నవారు ఉన్నారు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు మాత్రం అది శ్రోత జిజ్ఞాసారూపమని స్పష్టంగా చెప్పాడు. ఆయన ఉద్దేశించింది ఒక పదం విన్నాక మరో పదం కోసం కలిగే ఎదురుచూపునే, కరుణను కాదు. అయినా ఆ నిర్వచనంలో ఉన్న ఒక పర్యవసానాన్ని పక్కన పెట్టడం సాధ్యం కాదు. ఆకాంక్ష శ్రోతలో ఉండే ధర్మమైతే, శ్రోతకు జిజ్ఞాస ఉడిగిన చోట ఎంత చక్కని పదాల కూర్పు అయినా వాక్యం కాకుండా పోతుంది. వాక్యత్వానికి కావలసినవాటిలో ఒకటి శ్రోత చేతిలో ఉన్నప్పుడు, ‘ఇది వాక్యం కాదు’ అనే శ్రోత, తన వాటా తాను చెల్లించాడా అని అడగవలసి వస్తుంది.

లోరెలై

యుంగ్ 1907లో డిమెన్షియా ప్రీకాక్స్ మీద వెలువరించిన పుస్తకంలో, కుట్టుపని చేసి బతికిన ఒక స్త్రీని గురించి సుదీర్ఘంగా రాశాడు. ఆమె ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉంది. తాను సోక్రటీసునని, తాను లోరెలైనని, తానూ నేపుల్స్ నగరమూ కలిసి లోకానికి సేమ్యా సరఫరా చేయాలని, ఇంకా ఇటువంటివే అనేకం ఆమె అనేది. వినేవారికి అవి ఉత్త ప్రలాపాలు. యుంగ్ చేసినది చాలా సాదా పని. ఆమె మాటలనే ఒక్కొక్కటిగా తిరిగి ఆమెకు వినిపించి, దానికి ఏం తడుతున్నదో చెప్పమన్నాడు. పదసంసర్గ పరీక్షనే ఆమె సొంత పదాలతో జరిపాడన్నమాట.

సోక్రటీసు మీద అన్యాయంగా నేరం మోపి చెరలో పెట్టారు, ఆమె తన సంగతీ అంతేనన్నది. లోరెలై సంగతి మరీ విశేషమైనది. జర్మను కవి హైనె రాసిన లోరెలై గీతం జర్మనీలో ఇంటింటా తెలిసినది. దీని అర్థమేమిటో తనకు తెలియడం లేదనే భావంతో అది మొదలవుతుంది. ఆమె తన గోడు చెప్పుకోబోయినప్పుడల్లా వైద్యులు అనే మాట కూడా అదే, దీని అర్థమేమిటో తెలియడం లేదని. కాబట్టి తాను లోరెలై.

అలంకారశాస్త్ర పరిభాషలో చెబితే ఇక్కడ ముఖ్యార్థానికి బాధ ఉంది, లక్ష్యార్థంతో సంబంధం ఉంది, ప్రయోజనం కూడా ఉంది. తన్ను అర్థం చేసుకోనివారి మాటనే తనకు పేరుగా పెట్టుకోవడంలో ఉన్న ఎత్తిపొడుపు సామాన్యమైనది కాదు. లోపించింది ఒక్కటే, మధ్యలో ఉన్న మెట్టును ఆమె పైకి చెప్పలేదు. వినేవారికి ఆ మెట్టు తెలియదని ఆమె గ్రహించలేదు, లేదా గ్రహించినా చెప్పడం ఆమెకు సాధ్యం కాలేదు. వ్యాధి అక్కడ ఉంది. దానిని లేదనడం ఆమెకు చేసే మేలు కాదు. కాని ఆ మెట్టు ఉందో లేదో తెలుసుకోవడానికి అడగడం తప్ప మరో మార్గం లేదు. యుంగ్ అడిగేదాకా అన్నేళ్లూ ఆమె మాట అసంబద్ధంగానే చెలామణి అయింది. అడిగిన తరువాత ఆమెకు నయం కాలేదన్నదీ చెప్పుకోవాలి. ఆయన ఆమె చెప్పిన సంబంధాలను తన మనోగ్రంథుల సిద్ధాంతానికి ఒదిగేలా మలిచిన తీరు మీద అభ్యంతరాలకూ తావుంది. అర్థం చేసుకోవడం చికిత్స కావాలన్న నియమం లేదు. ఒక మనిషి మాటకు అర్థం ఉందని తేలడం దానంతటదే విలువైన విషయం.

దీని పక్కన క్రెపెలిన్ తన ఉపన్యాసాలలో వర్ణించిన ఒక యువకుణ్ణి నిలిపి చూడవచ్చు. విద్యార్థుల ఎదుట ప్రదర్శించి ప్రశ్నలు వేసినప్పుడు ఆ యువకుడు తనను ఎవరో కొలుస్తున్నారని, తాను చెప్పగలిగీ చెప్పదలచుకోలేదని, దురుసుగా మాట్లాడాడు. ప్రశ్నలన్నీ అతనికి అర్థమైనా ఒక్క పనికివచ్చే సమాచారమూ ఇవ్వలేదని, అతని మాటలు సందర్భంతో పొంతన లేని వాక్యాల వరుస అని క్రెపెలిన్ తేల్చాడు. 1960లో ఆర్.డి. లైంగ్ ‘ది డివైడెడ్ సెల్ఫ్’లో అదే పాఠాన్ని మళ్లీ చదివి, ఆ యువకుడు తనను సభలో నిలబెట్టి కొలుస్తున్న వైద్యుణ్ణే వెక్కిరిస్తున్నాడని, అతని మాటలకు సందర్భంతో పూర్తిగా పొంతన ఉందని చూపాడు. క్రెపెలిన్ చూడని ప్రకరణం తాను అక్కడ నిలబడి ఉండడమే. లైంగ్ పఠనం ఆకర్షణీయమైనది, బహుశా సరైనది కూడా. అయితే అతడూ ఆ యువకుణ్ణి అడగలేదు, అడిగే అవకాశమూ లేదు. అర్థం లేదని ముందే నిర్ణయించడమూ, అర్థం ఫలానా అని అడగకుండా నిర్ణయించడమూ ఒకే తప్పుకు రెండు ముఖాలు కాగలవు. రెండింటిలోనూ ఆ మనిషి నోరు మెదపవలసిన అవసరం ఉండదు.

దత్తపది సభ

సాహిత్యం చదివేవారికి ఈ రెండో ముఖం మీదే మోజు ఎక్కువ. మతి చెదిరినవారి మాటలో కవిత్వాన్ని చూడడం ఫ్రాన్సులో అధివాస్తవికులతో ఒక ధోరణిగా మారింది. ఆంద్రె బ్రెతాఁ వైద్యవిద్యార్థిగా ఉండి, 1916లో సెయింట్ దిజియేలోని సైనిక మనోవైద్య కేంద్రంలో పనిచేశాడు. 1930లో ఆయనా పాల్ ఎల్యువార్ కలిసి రాసిన ‘ఇమాక్యులేట్ కన్సెప్షన్’లో వివిధ మానసిక వ్యాధుల మాటతీరును అనుకరించిన భాగాలున్నాయి. వాటిలో డిమెన్షియా ప్రీకాక్స్ కూడా ఒకటి. ఇటు తెలుగులో శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు అధివాస్తవికత వైపు ఆకర్షితులైన సంగతి తెలిసిందే. నవీన్ ‘అంపశయ్య’ (1969)లో రవి ఆలోచనలు ఒకదాని మీదుగా మరొకటి జారుతూ ఒక రోజంతా సాగుతాయి. ఆ జారుడును అనుసరించడానికి తెలుగు పాఠకుడు నవల పొడవునా ఓపిక పట్టాడు.

ఈ ఓపికకు మన సంప్రదాయంలో అచ్చమైన నమూనా అవధానం. దత్తపదిలో పృచ్ఛకుడు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు పదాలు ఇస్తాడు. ఒక్కొక్కప్పుడు అవి తెలుగు పదాలు కూడా కావు. వాటిని ఇమిడ్చి భారతార్థంలోనో రామాయణార్థంలోనో పద్యం చెప్పమంటాడు. ఆ పదాలను విడిగా ఒక రోగి నోట వింటే సంసర్గాల సడలింపు అని రాసుకుంటారు. సభ మాత్రం ఊపిరి బిగబట్టి పద్యపాదం పూర్తయ్యేదాకా వేచి ఉంటుంది. విశ్వనాథుడు చెప్పిన ఆకాంక్ష అక్కడ వందమంది శ్రోతలలో నిండుగా ఉంది. పైగా అప్రస్తుత ప్రసంగమని ఒక అంశమే ఉంది, పొంతన లేని మాటలతో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడం ఒకరికి అప్పగించిన మర్యాదైన పని. అసంబద్ధతకు ఆసనం వేసి కూర్చోబెట్టిన సభ మరెక్కడైనా ఉందో లేదో!

అయితే అవధానికీ ఆ కుట్టుపని స్త్రీకీ భేదం లేదనడం అన్యాయం. అప్రస్తుత ప్రసంగానికి చమత్కారంగా బదులిచ్చి అవధాని విడిచిన పాదం దగ్గరకు తిరిగి వస్తాడు. బ్రెతాఁ, ఎల్యువార్ అనుకరణ ముగించి కాఫీకి వెళ్లగలరు. ‘రాఘవపాండవీయం’లో పింగళి సూరన ప్రతి పద్యాన్నీ రెండర్థాలతో నడిపాడు గాని, ఏ అర్థం ఏ కథదో ఒక్క క్షణం మరువలేదు. కవి సంసర్గాలను వదులు చేస్తాడు. రోగికి అవి వదులవుతాయి. చాలామందికి ఆ వదులుతనం బాధ, భయం, ఒంటరితనం. వారి మాటను కవిత్వమని మెచ్చుకొని ఊరుకోవడం, నీళ్లలో మునుగుతున్నవాని చేతుల కదలికను నాట్యమని మెచ్చుకోవడం వంటిది. భేదం మాటలలో వెదకితే దొరకదు, తిరిగి రాగల స్వేచ్ఛలో దొరుకుతుంది. తిరిగి రాలేనివారి కోసం సభ ఇంకా ఎక్కువసేపు వేచి ఉండాలి. వాస్తవంలో జరుగుతున్నది దీనికి తలకిందులు.

లూయీ వుల్ఫ్‌సన్ ఉదంతం ఇక్కడ కొంత వెలుగునిస్తుంది. స్కిజోఫ్రీనియా ఉందని నిర్ధారణ అయిన ఈ న్యూయార్కు వాసి, మాతృభాష అయిన ఇంగ్లీషును భరించలేక, చెవిన పడిన ప్రతి ఇంగ్లీషు పదాన్నీ ధ్వనిలోనూ అర్థంలోనూ దానికి దగ్గరైన ఫ్రెంచి, జర్మను, రష్యను, హీబ్రూ పదాలలోకి మార్చుకొనేవాడు. ఆ పద్ధతిని అతడే ఫ్రెంచిలో పుస్తకంగా రాశాడు. 1970లో జిల్ దెల్యూజ్ ముందుమాటతో అది వెలువడింది. బయటినుంచి చూసేవారికి పదాల చిందరవందర. లోపలినుంచి అతడు చెప్పినప్పుడు అది నియమబద్ధమైన, శ్రమతో కూడిన ఆత్మరక్షణ. తన మాటకు తానే వ్యాఖ్యాత కాగల అవకాశం అతనికి దక్కింది. అందరికీ అది దక్కదు.

ఇంతవరకు చేసిన వాదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఎంతసేపు వినాలి? ఇంట్లో అదే మాటను పొద్దుటినుంచి ఇరవైసార్లు విన్న తల్లిని, వార్డులో రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉన్న నర్సును ఇంకా జిజ్ఞాస చూపమనడం గదిలో కూర్చుని రాసేవారికి తేలిక. ప్రతి మాటకూ మెట్టు దొరకదు కూడా. కొన్నిసార్లు అడిగినా జవాబు మరింత చెదిరి వస్తుంది. ఈ ఆక్షేపణను అంగీకరించవలసిందే. శ్రోత మీద పడే బాధ్యత ప్రతిసారీ అర్థం రాబట్టడం కాదు. తనకు అందకపోవడాన్ని చెప్పినవారి లోపంగా రాసిపెట్టకపోవడం, అంతే. ‘నాకు అర్థం కాలేదు’, ‘దానికి అర్థం లేదు’ అన్న రెండు వాక్యాల మధ్య దూరం అలసిన తల్లికి కూడా తెలుసు. తరచుగా ఆమెకే బాగా తెలుసు. ఆ ఇంటి ప్రకరణాలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి.

కేసుషీటు

మాటను శాస్త్రీయంగా నమోదు చేసే పని నాన్సీ ఆండ్రియాసన్ 1979లో రూపొందించిన కొలమానంతో ఒక కొలిక్కి వచ్చింది. పట్టాలు తప్పడం, అడిగినదానికి పక్కగా పోవడం, ధ్వనిని పట్టుకుపోవడం, కొత్త మాటలు కల్పించడం మొదలుగా అందులో 18 అంశాలున్నాయి. ఆలోచనను నేరుగా చూడలేమని, కనబడేది మాట మాత్రమేనని ఆమె పాటించిన జాగ్రత్త మెచ్చదగినది. ఈ లక్షణాలు ఉన్మాద దశలో ఉన్న ఇతర రోగులలోనూ ఉన్నాయని కూడా ఆమె అధ్యయనాలే చూపాయి.

మన చట్టం ఈ విషయంలో వైద్యగ్రంథాలకంటే ఉదారంగా మాట్లాడుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 4వ సెక్షను, చికిత్స గురించి నిర్ణయించుకొనే సామర్థ్యం మానసిక వ్యాధి ఉన్నవారితో సహా అందరికీ ఉన్నట్టే భావించమంటుంది. నిర్ణయాన్ని మాటతోనే కాక సైగతోనో ముఖకవళికతోనో మరే విధంగానో తెలియజేయవచ్చంటుంది. ఆ నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేదనకూడదంటుంది. సాక్ష్యం విషయంలో 1872 నాటి చట్టం 118వ సెక్షను వివరణగా చెప్పినదే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ 124వ సెక్షనులోనూ నిలిచింది. మతి స్థిమితం లేనంత మాత్రాన సాక్షి పనికిరాడని కాదు. అడిగిన ప్రశ్నలు అర్థం చేసుకొని హేతుబద్ధంగా జవాబివ్వడానికి ఆ స్థితి అడ్డం వస్తేనే పనికిరాడు. అంటే చట్టం ప్రశ్న అడగమంటున్నది, అడిగిన తరువాతనే నిర్ణయించమంటున్నది.

అడగడం ఏ భాషలో, రాసుకోవడం ఏ భాషలో అన్నది మిగిలింది. తెలుగునాట ఆసుపత్రులలో రోగి తెలుగులో మాట్లాడతాడు, కేసుషీటు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. ‘నా పాలు అన్నలు తాగేశారు’ అని ఒకడు అన్నాడనుకుందాం. తెలుగు విన్నవారికి అందులో గిన్నెడు పాలూ ఉన్నాయి, తోటలో వాటా కూడా ఉంది. వాటాను మింగేశారనే కోపం పాలు తాగడమనే రూపంలోకి ఎలా జారిందో, ఆ జారుడులో వ్యాధి పాలెంతో, గాయం పాలెంతో అడిగి తెలుసుకోవచ్చు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ కాగితం మీద అన్నలు పాలు తాగారన్న ఆరోపణ ఒక్కటే మిగులుతుంది. దాని కింద భ్రాంతి అని రాయడానికి ఒక్క గీత చాలు. తరువాతి వైద్యుడు చదివేది ఆ కాగితాన్నే. కొన్నాళ్లకు ఆస్తి పంపకం మీద తగవు వచ్చి అతడు కోర్టులో నిలబడితే, అన్నల తరఫు వకీలు చదివేదీ ఆ కాగితాన్నే. అతడు అన్న తెలుగు మాట అప్పటికి ఎక్కడా ఉండదు.